పిడుగుకొమ్ము కొట్టిన దెబ్బ

ఒక పెద్ద అడవిలో అనగానే మీ కళ్ళు సింహం కోసం వెతుకుతాయి. నాకు తెలుసు. ఈ అడవిలో సింహం లేదు. ఎప్పుడో ఉండేదట, పోయింది. దాని బదులు పంచాయతీ వచ్చింది. పంచాయతీకి ప్రెసిడెంటు గవరయ్య అనే నక్క. దాంతో సింహం లేని లోటు ఎవరికీ తెలియలేదు.

ఆ అడవిలో బండవాగు అని ఒక వాగు ఉంది. వాగు మలుపులో పెద్ద ఇసుకతిన్నె. నెలకోసారి పొద్దు వాలే వేళకి ఆ తిన్నె మీద ఆట కట్టేవారు. ఆట అంటే ఫైటింగు ఆట. కథ కూడా ఉండేది గానీ దాన్ని పట్టించుకున్నవాడు లేడు. ఎప్పుడూ ఒకటే కథ. ఒక దుర్మార్గుడు వాగు నీళ్ళన్నీ తనవే అంటాడు. ఒక వీరుడు వచ్చి కాదంటాడు. ఆ కాదనడం దగ్గర్నుంచి చీకటి పడేదాకా దంచుడే దంచుడు.

వీరుడి వేషం ఒక చుక్కల దుప్పిది. అసలు పేరు పరంధాములు. ఆ పేరుకి ఎవడు ఈల వేస్తాడని, ఆట కట్టించే ఎలుగుబంటి భద్రయ్య మాస్టారు దాన్ని పిడుగుకొమ్ము అని మార్చేశాడు. పరంధాములు చూడ్డానికి చక్కగా ఉండేవాడు. పెద్ద కొమ్ములు, వాటిని ఒక పక్కకి విదిలించే పద్ధతి ఒకటి. ఊళ్ళో కుర్రదుప్పులన్నీ ఆ విదిలింపు నేర్చుకోబోయి మెడలు పట్టేసి తిరిగేవి.

పిడుగుకొమ్ము తిన్నె మీదికి రావడమంటే మీలాగా నాలాగా రావడం కాదు. ముందు పొదల వెనక అడవిపందులు వెనక్కాళ్ళతో దుమ్ము లేపుతాయి. ఆ దుమ్ములోంచి ఒక గిట్ట కనపడుతుంది. ఈల. రెండో గిట్ట. ఇంకో ఈల. తోక చివర. మళ్ళీ ఈల. మొత్తం దుప్పి బయటపడేసరికి జనం తెచ్చుకున్న ఈతపళ్ళు సగం అయిపోయేవి.

తర్వాత అవే పందులు దుమ్ము దులుపుకుని దుర్మార్గుడి మనుషులుగా వస్తాయి. గుంపుగా వచ్చినా కొట్లాటకి మాత్రం ఒక్కొక్కటే. ఒకటి దెబ్బలు తింటుంటే మిగతావి చుట్టూ తిరుగుతూ, నేల గీరుతూ, గుర్రుమంటూ తమ వంతు కోసం ఆగుతాయి. రేషన్ షాపు దగ్గర కూడా అంత మర్యాద కనపడదు. అన్నీ పడ్డాక చివరికి దుర్మార్గుడు దిగుతాడు. వాడు అడవిదున్న, పేరు అప్పలకొండ. పేరుకి తగ్గ ఒళ్ళు. పిడుగుకొమ్ము రెండు ముక్కలు ఘాటుగా మాట్లాడి కొమ్ము చివరతో వాణ్ణి ఇలా తాకుతాడు. అంతే. అంత దున్నా గాల్లోకి లేచి, వాగు గట్టు దాటి, ఎక్కడో పడేది.

దుప్పి తాకితే దున్న ఎగురుతుందటయ్యా అని మీరు అడుగుతారు. అక్కడ ఎవరూ అడగలేదు. ఎందుకు అడగలేదో చెప్తాను. కుందేలు బతుకు ఒక్కసారి ఆలోచించండి. లేచింది మొదలు ఆకు కదిలితే పరుగు, నీడ పడితే పరుగు. తిన్నది ఒంటబట్టే తీరికే ఉండదు. అలాంటిది నెలకి ఒక్క సాయంత్రం, తనలాగే గడ్డి తినేవాడొకడు పారిపోకుండా నిలబడి, తలెత్తి, తనకన్నా పెద్దవాణ్ణి కొడుతుంటే చూడ్డం. ఆట అయ్యాక కుందేలు బొరియలో కాళ్ళు బార్లా చాపుకుని పడుకునేది. దాన్ని వెక్కిరించడానికి నాకు నోరు రాదు. ఈల వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఈ సంబరంలో ఏడుపుమొహం అప్పలకొండ ఒక్కడిదే. ఆట అయ్యాక వాగులో నడుం నానబెట్టుకుంటూ పరంధాముల్ని దగ్గరికి పిలిచేవాడు.

"కొట్టడానికేటుంది తమ్ముడూ, తల విదిలిస్తే కొట్టడమే. పడ్డం చూడు. గాల్లో ఉండగా ఒళ్ళు తిప్పాలి. వీపు ముందు తగలాలి. నాలుక్కాళ్ళూ పైకి లేవాలి. ఆఖర్న ఒకసారి తలెత్తి, నిన్ను చూసి, మళ్ళీ వాల్చేయాలి. ఇంత చేసేది నేను. ఈల నీకు."

"ఈసారి నీకే వెయ్యమని చెప్తాలే అన్నా."

"చెప్తే వేసేది ఈలేటి. ఒక్కటంటే ఒక్కటి, అడక్కుండా రావాలి. వచ్చిన్నాడు ఈ వేషం మానేసి హాయిగా గడ్డి మేస్తాను."

అదీ వాడి కోరిక. పెద్దదేం కాదు. కానీ చెడ్డవాడు పడితే మంచివాడికే ఈల వేస్తారు. ఎక్కడైనా అంతే.

ఇలా ఉండగా ఎండాకాలం చివరికొచ్చింది. దాంతోపాటు పంచాయతీ ఎన్నికలు వచ్చాయి.

గవరయ్య కిందటిసారి రెండో నీటిగుంట తవ్విస్తానని గెలిచాడు. గుంట రాలేదు. శంకుస్థాపన రాయి మాత్రం వచ్చింది. దాని మీద ఒక తొండ రోజూ ఎండ కాగుతోంది. నీళ్ళు తగ్గి, జనం గొంతులు పెరిగి, గవరయ్య ఎటు వెళ్ళినా "గుంట సంగతేంటి" అని అడుగుతున్నారు. నక్క కదా, ఆలోచించాడు. దాహం తీర్చలేనప్పుడు కనీసం రోమాలు నిక్కబొడిచేలా చెయ్యాలనుకున్నాడు.

ఆ నెల ఆట అవగానే గవరయ్య తిన్నె ఎక్కి పిడుగుకొమ్ము మెడలో అడవిమల్లెల దండ వేశాడు.

"సోదరులారా, ఇన్నాళ్ళూ మనం ఏం చేశాం? పారిపోయాం. అదిగో, మద్దిచెట్టు మీద మన కాపలాదారు సింహాద్రి. ఏ ఎగువకొండ రేచుకుక్కలో వస్తే అతను కేక పెట్టడం, మనం తోకలెత్తి పరిగెత్తడం. ఇది మనకి సిగ్గుచేటు కాదా?"

"సిగ్గుచేటే" అన్నాయి కుందేళ్ళు. పరిగెత్తడం సిగ్గని వాటికి అంతవరకు తెలియదు.

"అందుకే ఈ పూట నుంచి పిడుగుకొమ్ముగారు మన అటవీ రక్షకులు. ఇక ఎవరూ పరిగెత్తక్కర్లేదు. వచ్చేవాడు రానీ, వీరు చూసుకుంటారు."

పరంధాములు గొంతు సవరించుకున్నాడు. "ప్రెసిడెంటుగారూ, నాకసలు..." అన్నాడు. అంతలో ఈలలు లేచాయి. ఆ ఈలల్లో మిగతా ముక్క కొట్టుకుపోయింది. అది వినుంటే ఈ కథే లేదు.

మద్దిచెట్టు మీంచి కొండముచ్చు సింహాద్రి దిగొచ్చాడు. వాడిది తాతముత్తాతల నుంచి కాపలా వంశం. "మరి నా పని?" అన్నాడు.

"నీ గొంతు బ్రహ్మాండమైన గొంతు. దాన్ని భయపెట్టడానికి వాడటం దండగ. రేపటి నుంచి రక్షకులుంగారు ఎక్కడికి వేంచేసినా ముందు నువ్వు ఆ కేక పెట్టు. జనం పరిగెత్తుకుంటూ రావాలి."

"అయ్యా, మా తాతల కాలం నుంచి ఈ కేక పారిపొమ్మని చెప్పేది."

"ఇకమీదట రమ్మని చెప్తుంది. ఆర్డరు ఇచ్చాక తాతలతో పనేంటి?"

సింహాద్రి తల గోక్కున్నాడు. ఉద్యోగం పోలేదు, చెట్టూ పోలేదు. సరే అన్నాడు.

ఇంటికొచ్చిన పరంధాములు పొదలో ఒక మూల కూలబడ్డాడు. భార్య నూకరత్నం దండ చూసి, మొగుడి మొహం చూసి, ముందు నవ్వింది.

"మొన్న పొదలోకి జెర్రి వస్తే బండరాయెక్కి కూర్చుని నన్ను పిలిచారు. మీరు అడవికి రక్షకులా?"

"నేనేం అడిగానా? వాళ్ళే వేశారు దండ."

"తియ్యడం రాదా మీకు?"

"అంతమంది ఈలలు వేస్తుంటే ఎలా తీస్తానే."

నూకరత్నం నవ్వు ఆపేసింది. "రేపు నిజంగా కుక్కలొస్తే అవి మాస్టారు చెప్పినట్టు ఒక్కొక్కటీ రావు. అన్నీ ఒకేసారి వస్తాయి. మా నాన్నని అలాగే చుట్టేశాయి. ఈ వేషం వల్ల మీ ప్రాణం పోతే ఆ దండ నేనేం చేసుకోను? వెళ్ళి మానేస్తానని చెప్పిరండి."

పరంధాములు తెల్లారగానే గవరయ్య దగ్గరికి వెళ్ళాడు. గవరయ్య వాడి వీపు నిమిరాడు.

"పిచ్చివాడా, రేచుకుక్కలు కొండ దిగి ఎన్నేళ్ళయింది? అవి రావు. రానివాటి నుంచి కాపాడటం కన్నా సుఖమైన ఉద్యోగం ఏముంది? ఎన్నికలు అవనీ, నేనే తీసేస్తాను."

"ఒకవేళ వస్తే?"

"వస్తే చూద్దాం" అన్నాడు గవరయ్య. చూడ్డానికి తను ఉండడని వాడికి తెలుసు. వాడి బొరియకి నాలుగు వాకిళ్ళు.

ఆ నెలంతా రక్షకులుంగారి పర్యటనలే. వెదురుపొదల పేటలో కేక, పరంధాములు గిట్ట, ఈలలు. ఈతవనంలో కేక, గిట్ట, ఈలలు. గవరయ్య వెనకాల నిలబడి ఓట్లు అడగడం. మొదట్లో ఆ కేక వింటే జనం అలవాటు కొద్దీ గుండె పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసేవారు. తర్వాత్తర్వాత రెండడుగులు ముందుకు వేశారు. నెల తిరిగేసరికి, కేక వినపడితే పిల్లల్ని వీపునేసుకుని, ఈతపళ్ళు మూటగట్టుకుని, ముందు వరసలో చోటు కోసం తోసుకుంటూ పరుగులు తీస్తున్నారు.

పరంధాములుకి కూడా కొంచెం ఎక్కింది. ఎక్కలేదంటే అబద్ధం. ఇంట్లో నీళ్ళు తాగడానికి కూడా తల విదిలించుకుంటూ వెళ్ళేవాడు. "జెర్రి" అనేది నూకరత్నం. మళ్ళీ మామూలుగా నడిచేవాడు.

ఎన్నికలు రేపనగా, ఎండ చల్లబడే వేళ, ఎగువకొండ మీద దుమ్ము లేచింది. సింహాద్రి మద్దిచెట్టు చివరికొమ్మ ఎక్కి చూశాడు. రేచుకుక్కలు. ఎర్రటి ఒళ్ళు, నల్లటి తోకలు, మంద మందంతా దిగుతోంది. అక్కడ కరువొచ్చింది కాబోలు, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి.

సింహాద్రి గొంతు చించుకుని కేక పెట్టాడు. వంశం నిలబెట్టే కేక. అంత పెద్ద కేక వాడి తాత కూడా పెట్టి ఉండడు.

అడవి అడవంతా కదిలింది. తిన్నె వైపు.

"ఇవాళ ఆట ఉందని చెప్పనే లేదే."

"ఎన్నికల ముందు స్పెషల్ ఆటేమో. పద పద, ముందు చోటు దొరకదు."

సింహాద్రి కొమ్మ మీద ఎగిరి గంతులేశాడు. "ఒరేయ్, వచ్చేది నిజం కుక్కలర్రా. పారిపోండర్రా" అని అరిచాడు. ఒక ముసలి ముళ్ళపంది తలెత్తి చూసి, పక్కనున్న కణుజుదుప్పితో "కొండముచ్చుకి కూడా డైలాగులు పెట్టారు ఈసారి. బాగా చెప్తున్నాడు" అంది. ఇక వాడేం చేస్తాడు. మళ్ళీ కేక పెట్టాడు. వెనకబడినవాళ్ళు కూడా వచ్చేశారు.

గవరయ్య కూడా వచ్చాడు. ఆట ఎవరు పెట్టించారో తెలియకపోయినా, జనం ఉన్నచోట కనపడటం మంచిదని ముందు వరసలో బండ మీద కూర్చున్నాడు. కూర్చుని ఎదురుగా చూశాడు. కొండవాలు దిగి ఇసుకలోకి వస్తున్నవి ఎవరో నక్కకి తెలియకపోతుందా? వాడి తోక చీపురులా లేచింది. లేచి వెనక్కి తిరిగితే దారి లేదు. ఇసకేస్తే రాలనంత జనం.

"కూర్చోండి ప్రెసిడెంటుగారూ, పిల్లలకి కనపడట్లేదు."

"అవి నిజం కుక్కలు" అన్నాడు గవరయ్య.

"అందుకే బాగుంది. కూర్చోండి." ఎవరో వాడి భుజం పట్టుకుని కూలేశారు.

అటు పరంధాములు, కేక విని అలవాటు కొద్దీ వచ్చి, పొద వెనకాల ఉన్నాడు. పందులు అలవాటుగా దుమ్ము లేపుతున్నాయి. దుమ్ము సందులోంచి కుక్కల్ని చూశాడు. అవి ఒక్కొక్కటీ రావడం లేదు. నూకరత్నం చెప్పినట్టే, సగం అటూ సగం ఇటూ విడిపోయి, చప్పుడు లేకుండా తిన్నెని చుట్టేస్తున్నాయి. వాటి చూపు పరంధాములు మీద లేదు. ఇసుకలో బారులు తీరి కూర్చున్న కుందేళ్ళ మీద, లేడిపిల్లల మీద ఉంది. పారిపోకుండా, పళ్ళు తింటూ, తమని చూసి చప్పట్లు కొడుతున్న భోజనాన్ని అవి ఎప్పుడూ చూసి ఉండవు. అనుమానంతో కాస్త ఆగాయి. ఆ కాస్తే మిగిలింది.

వాడు దుప్పి. పరిగెత్తితే ఏ కుక్కా అందుకోలేదు. కాళ్ళు అప్పటికే అటు తిరిగాయి కూడా. అప్పుడు రెండో వరసలో నూకరత్నం కనపడింది. ఆమె ఆట చూడ్డానికి రాలేదు. మొగుణ్ణి లాక్కుపోదామని వచ్చి జనంలో ఇరుక్కుంది. తను పరిగెత్తితే కుక్కలు తన వెంట పడవు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఉండగా పరిగెత్తేవాడి వెంట ఎందుకు పడతాయి?

పరంధాములు ఏడ్చాడు. ఏడుస్తూనే ఒక గిట్ట దుమ్ములోంచి బయట పెట్టాడు. వాడికి వచ్చింది అదొక్కటే మరి.

ఈల.

రెండో గిట్ట. ఇంకో ఈల. తోక చివర. ఆ తోక వణుకుతోంది గానీ దూరానికి అది స్టైలు లాగే కనపడింది. కుక్కల మంద తలలు ఇటు తిప్పింది. మంద పెద్ద ఒక ముసలి ఆడకుక్క, సగం చెవి లేదు. "ఏంటిది, ఒక్కో కాలే వస్తోంది?" అంది.

పరంధాములు తిన్నె నడుమ నిలబడ్డాడు. డైలాగు చెప్పాలి. ఒక్క ముక్క గుర్తు రాలేదు. నోరు తెరిచి, మూశాడు. జనం దాన్ని కొత్త పద్ధతి అనుకుని మెచ్చుకున్నారు.

అప్పుడు పక్క పొదలోంచి అప్పలకొండ మెల్లగా అన్నాడు. "తమ్ముడూ, కొట్టు."

"ఎవర్నన్నా?"

"నన్ను. వీళ్ళు కొండ మీదోళ్ళు. ఆట ఎరగరు."

"నువ్వే వెళ్ళి కుమ్మొచ్చు కదా. నీకు కొమ్ములున్నాయి, ఒళ్ళుంది."

"నా బతుకులో ఒకడ్ని కుమ్మిన పాపాన పోలేదు. ఇప్పుడు నేర్చుకుని ఒకదాన్ని కుమ్మేలోపు మిగతావి పిల్లల్ని ఎత్తుకుపోతాయి. వీటిని కొట్టకూడదు. బెదరగొట్టాలి. కొట్టెహె."

అప్పలకొండ రంకె వేసి పొదలు విరుచుకుంటూ దూకాడు. కుక్కలు రెండడుగులు వెనక్కి వేశాయి. అడవిదున్న అంటే ఎగువకొండలో కూడా హడలే. ఆ దున్న వాటివైపు చూడనైనా చూడకుండా దుప్పి మీదికి పరిగెత్తింది. దుప్పి కొమ్ము చివరతో ఇలా తాకింది.

ఆ పడ్డం నేను చూశాను కాబట్టి చెప్తున్నాను. అప్పలకొండ అంతకు ముందు పడ్డవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. గాల్లోకి లేచాడు. ఒళ్ళు తిప్పాడు. గట్టు మీది నేరేడుచెట్టుకి వీపు తగిలి చెట్టు గజగజలాడింది, జనం మీద నేరేడుపళ్ళ వాన కురిసింది. అక్కడ ఆగాల్సినవాడు ఆగలేదు. దొర్లుకుంటూ పోయి ధబీమని వాగులో పడ్డాడు. నీళ్ళు తాటిచెట్టంత లేచాయి. ఆఖర్న నాలుక్కాళ్ళూ పైకి తేలాయి.

కుక్కలన్నీ వాగు వైపు చూశాయి. తర్వాత దుప్పి వైపు చూశాయి.

పందులకి విషయం అర్థమైందో, అలవాటు లాక్కొచ్చిందో తెలియదు, అవి కూడా వరసగా దిగాయి. ఒకటి వచ్చి పడింది. రెండోది వచ్చి పడింది. మిగతావి చుట్టూ తిరుగుతూ వంతు కోసం ఆగాయి. కుక్కల మందలో ఒక దుడుకు కుర్రకుక్క మాత్రం "ఇందులో ఏదో మోసం ఉంది" అంటూ ముందుకొచ్చింది.

పరంధాముల వణుకుతున్న తోక ఒకసారి టపుక్కున విదిలింది. వెనకాల వంతు కోసం ఆగిన పంది ఒకటి అదే తనకి సైగ అనుకుంది. తోక దానికి తగలనైనా లేదు. అది అక్కడికక్కడ గాల్లోకి లేచి, తలకిందులుగా తిరిగి, కుర్రకుక్క కాళ్ళ ముందు వచ్చి పడి, నాలుక బయటపెట్టింది.

మామూలుగా అయితే ఈ తప్పుకి భద్రయ్య మాస్టారు ఆ పందికి తిండి కోసేసేవాడు.

"తగల్లేదు" అంది కుర్రకుక్క, వెనక్కి జరుగుతూ. "తోక తగల్లేదు. ఊరికే పడిపోయింది."

సగంచెవి ముసలికుక్క పరంధాముల కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళలో నీళ్ళున్నాయి. చంపబోయే ముందు ఏడ్చే జంతువుని అది ఎన్నడూ చూడలేదు.

"ఈ అడవిలో నీళ్ళు మనకి పడవు. పదండి" అంది. పెద్దతనం పోకుండా నడుచుకుంటూనే బయల్దేరింది. నాలుగడుగులు వేశాక మంద మొత్తం పరుగు లంకించుకుంది. కొండ మీద దుమ్ము మళ్ళీ లేచి, అటు దాటి, అణిగిపోయింది.

తిన్నె మీద పరంధాములు నాలుగు కాళ్ళూ ముడుచుకుని కూలబడ్డాడు. జనం లేచి నిలబడి ఈలలు వేశారు. తర్వాత లోటుపాట్లు మాట్లాడుకున్నారు.

"అంతా బాగుంది గానీ చివర్న చప్పగా అయింది. కుక్కలు తలపడకుండా వెళ్ళిపోవడమేంటి?"

"కుక్కల వేషాలు మాత్రం భలే కుదిరాయి. ఎవరు కట్టారో."

"ఎవరూ కట్టలేదు మొర్రో" అన్నాడు సింహాద్రి, చెట్టు మీంచి దిగి. గొంతు పోయి గాలి మాత్రం వస్తోంది. ఎవరూ నమ్మలేదు. ఇసుకలో పంజా ముద్రలు వాసన చూసిన ముళ్ళపంది ఒక్కసారిగా వెనక్కి పడిపోయింది. అప్పుడు అందరూ వాసన చూశారు. తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. బండ మీద గవరయ్య ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

ఆ తర్వాత లేచిన ఈల ముందు వినలేదు, మళ్ళీ వినలేదు. దండల మీద దండలు పడ్డాయి పరంధాముల మెడలో. వాడు వద్దు వద్దంటూ లేచి నిలబడ్డాడు.

"నేను ఎవర్నీ కొట్టలేదు. నాకు కొట్టడం రాదు. నాకు జెర్రి అంటే భయం, మా ఆవిణ్ణి అడగండి. అప్పలకొండన్న పడ్డాడు, కుక్కలు బెదిరాయి. అంతే జరిగింది."

జనానికి కళ్ళు చెమర్చాయి. "చూశావా, ఎంత అణకువో" అనుకున్నారు.

పరంధాములుకి ఒళ్ళు మండింది. మెడలో దండలన్నీ కొమ్ములతో తీసుకుని వాగు దగ్గరికి వెళ్ళి, ఒడ్డున నడుం పట్టుకుని పడున్న అప్పలకొండ మెడలో వేశాడు. వేసి, వాడి ముందు తల వంచాడు.

"అబ్బ, శత్రువుని కూడా క్షమించాడు" అన్నారు జనం. ఇంకో ఈల.

పరంధాములు తల కొట్టుకున్నాడు. అప్పలకొండకి నవ్వొచ్చింది. నవ్వితే నడుం నొప్పొచ్చింది.

"పోనీలే తమ్ముడూ. వీళ్ళకి చెప్పలేం. ఆ చెట్టుకి తగిలి దొర్లానే, చూశావా? అది మాస్టారు చెప్పింది కాదు. అప్పటికప్పుడు నేనే కలిపాను."

"చూశానన్నా. పెద్ద కుక్క నోరు తెరిచేసింది."

"తెరిచిందా?" అన్నాడు అప్పలకొండ. ఆ మాట మళ్ళీ రెండుసార్లు చెప్పించుకున్నాడు.

మర్నాడు ఎన్నికలు. ఆ అడవిలో ఓటంటే గులకరాయి. నచ్చినవాడి గుమ్మం ముందు పెట్టాలి. పొద్దుటే నూకరత్నం పొదలోంచి బయటికి రాబోతే దారికి అడ్డంగా గులకరాళ్ళ గుట్ట. "నిలబడనివాడికి ఓట్లేంటి" అని ఆమె పోట్లాడింది. కుక్కల ముందు నిలబడ్డాడు, ఎన్నికల్లో నిలబడకపోతే ఏం అన్నారు జనం. గవరయ్య నాలుగు వాకిళ్ళ ముందూ కలిపి ఒక్క రాయి ఉంది. అది వాడే పెట్టుకున్నాడు.

కొత్త ప్రెసిడెంటు పరంధాములు మొదటి ఆర్డరు వేశాడు. సింహాద్రి కేక పెడితే అందరూ పారిపోవాలి. జనం ఒప్పుకోలేదు. మీలాంటివారు ఉండగా పారిపోవడమేంటి, మాకు సిగ్గు అన్నాయి కుందేళ్ళు. పరంధాములు ఒక పూటంతా ఆలోచించి ఆర్డరు మార్చాడు. కేక వినగానే తను తల విదిలిస్తూ ముందు పరిగెడతాడు, ఇదే ఈ ఏటి కొత్త స్టైలు, చేతనైనవాళ్ళు చెయ్యొచ్చు. మర్నాటికి అడవిలో పరిగెత్తని కుందేలు లేదు.

గవరయ్యకి పదవి పోయాక ఊళ్ళో పొద్దుపోలేదు. అప్పలకొండ నడుం ఇంకా కుదుటపడకపోవడంతో దుర్మార్గుడి వేషం ఖాళీగా ఉంది. భద్రయ్య మాస్టారు దానికి గవరయ్యని తీసుకున్నాడు. మొదటి రోజు సాధనలో గవరయ్య కొమ్ము తగలకముందే పడిపోయాడు. రెండో రోజు తగిలాక కూడా పడలేదు, కుర్చీ అలవాటు. పక్కన పడుకుని చూస్తున్న అప్పలకొండ పెదవి విరిచాడు. "పడ్డం అంత తేలిక కాదు ప్రెసిడెంటుగారూ" అన్నాడు. మాజీ అన్న ముక్క కావాలనే వదిలేశాడు.

ఆ నెల ఆటకి అప్పలకొండ మొదటిసారి జనంలో కూర్చున్నాడు. ఎప్పుడూ లోపల్నుంచి చూసినవాడే గానీ ముందు నుంచి చూసినవాడు కాడు. దుమ్ము ఎవరు లేపుతున్నారో తెలుసు. పందులకి వంతులు ఎవరు పెట్టారో తెలుసు. ఆ కొమ్ము దోమని కూడా చంపలేదని అందరికన్నా తనకే ఎక్కువ తెలుసు. పక్కన కుందేలు ఈతపళ్ళు ఇస్తే తిన్నాడు.

దుమ్ములోంచి గిట్ట బయటికొచ్చింది. రెండో గిట్ట. తోక చివర. అప్పలకొండ ఒళ్ళంతా రోమాలు లేచి నిలబడ్డాయి. పక్కన కుందేలు ఉలిక్కిపడేలా "కొట్టు తమ్ముడూ" అని అరిచి, వాడే ఈల వేశాడు.

ఆఖర్న కొమ్ము తాకగానే గవరయ్య, వాడి బతుకులో మొదటిసారి, చక్కగా పడ్డాడు.

నీతి: పడేవాడు మనసుపెట్టి పడితే, కొట్టేవాడికి కొట్టడం రానక్కర్లేదు.